ఊరూరా తిరిగే జానపద బృందం చేతిలో షూర్ ఎస్‌ఎం58 మైకు

భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాల వేదిక మీదైనా, కోనసీమ కొబ్బరితోటలో రెండు ట్రాక్టరు తొట్లు కలిపి కట్టిన స్టేజీ మీదైనా, అంతర్వేది తీర్థంలో ఇసుక మీద పరిచిన చెక్కల మీదైనా ఒకే గొంతు ఒకేలా వినిపించాలంటే, ఊరు మారినప్పుడల్లా మారిపోయే సరంజామాలో మారని వస్తువు ఒక్కటైనా ఉండాలి. మా బృందానికి ఆ వస్తువు షూర్ కంపెనీవారి ఎస్‌ఎం58 మైకు. పేరున్న జానపద గాయకుడి కార్యక్రమాలకు నిర్వాహకుడిగా చాలా ఏళ్లుగా గోదావరి డెల్టాలో తిరుగుతున్నాను. డేట్లు ఖాయం చేయడం, బయానా తీసుకోవడం, వ్యాను మాట్లాడటం, కళాకారులకు బస, భోజనం చూడటం, కార్యక్రమం అయ్యాక కమిటీ దగ్గర మిగతా సొమ్ము తీసుకొని అందరికీ పంచడం నా పని. వీటన్నిటికంటే ముందు, ఆ గాయకుడైన మా గురువుగారి గొంతు చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మకు కూడా మాట మాటగా చేరేలా చూడటం నా బాధ్యత. ఈ సమీక్షను ఆ బాధ్యత వైపు నుంచే రాస్తున్నాను. స్టూడియోలో కూర్చుని పాటలు రికార్డు చేసుకునేవారికి ఈ మైకు ఎలా పనికివస్తుందో ఇందులో చెప్పడం లేదు.

మా కార్యక్రమాలకు సౌండ్ ఏర్పాటు సాధారణంగా ఉత్సవ కమిటీదే. ఒప్పుకున్న రోజునే ఎన్ని బాక్సులు కావాలో, ఎన్ని మైకులు కావాలో కాగితం మీద రాసి ఇస్తాము. కానీ ఆ ఊరికి వెళ్లి దిగేవరకు అక్కడ ఏమున్నదీ తెలియదు. పెద్ద ఉత్సవాల్లో రాజమహేంద్రవరం నుంచో, విజయవాడ నుంచో తెప్పించిన లైన్ అరే స్పీకర్లు, డిజిటల్ మిక్సరు ఉంటాయి. పక్కరోజు వెళ్లిన ఊళ్లో కొబ్బరిచెట్లకు కట్టిన గొట్టం స్పీకర్లు, ఒక యాంప్లిఫయరు, పెళ్లిళ్లలోనూ సంతాప సభల్లోనూ ఏళ్ల తరబడి నలిగిన మైకులు మాత్రమే ఉంటాయి. సౌండ్ ఆపరేటరుకు తన సామాను మీద అభిమానం ఉంటుంది, అది ఉండవలసిందే. మేము సంచి విప్పగానే "ఆయ్, మన మైకు కొత్తదేనండి, మొన్న సంక్రాంతికే తెచ్చానండి, బాగానే పలుకుతాదండి" అంటాడు. "బాక్సులూ మిక్సరూ అన్నీ నీ చేతిలోనే ఉంటాయి తమ్ముడూ, గురువుగారి ముందుండే మైకు మాత్రం మాది పెట్టుకుందాం" అని మర్యాదగా చెబితే కాదనేవారు లేరు. ఆ కుర్రవాడి గౌరవం నిలపడం కూడా నిర్వాహకుడి పనిలో భాగమే, ఎందుకంటే రాత్రంతా మా గొంతు అతని వేళ్ల కిందే ఉంటుంది.

ఇక మైకు సంగతి. షూర్ కంపెనీ 1925లో అమెరికాలోని షికాగోలో మొదలైంది. ఈ ఎస్‌ఎం58 నమూనా 1966లో వచ్చింది, దానికి ఏడాది ముందు ఎస్‌ఎం57 వచ్చింది. రెండింటికీ మూలం ఎర్నీ సీలర్ అనే ఇంజనీరు రూపొందించిన యూనిడైన్ 3 అనే గుండె, అంటే శబ్దాన్ని పట్టుకునే లోపలి భాగం. ఇది డైనమిక్ రకం మైకు: గాలి తాకిడికి పల్చటి పొర కదులుతుంది, దానికి అతికిన తీగచుట్ట అయస్కాంతం మధ్య కదిలి విద్యుత్తును పుట్టిస్తుంది. దీనికి బ్యాటరీ అక్కరలేదు, మిక్సరు నుంచి 48 వోల్టుల కరెంటు అక్కరలేదు, పొరపాటున ఆ కరెంటు వచ్చినా సరైన కేబులు మీద ఏమీ కాదు. బరువు 298 గ్రాములు. 50 హెర్ట్జ్ నుంచి 15,000 హెర్ట్జ్ వరకు శబ్దాన్ని అందుకుంటుంది. ఇంకా పైకి, 20,000 వరకు వెళ్లే కండెన్సర్ మైకులు (కరెంటు అందితేనే పనిచేసే సున్నితమైన రకం) ఉన్నాయి గానీ, కొబ్బరితోటలో, మైదానంలో, జనం మధ్య పాడే గొంతుకు ఆ పై భాగం వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు.

జానపదానికి మాటే ప్రాణం. రాగం కాస్త అటూ ఇటూ అయినా శ్రోత ఊరుకుంటాడు. మాట అర్థం కాకపోతే మాత్రం లేచి మిరపకాయ బజ్జీల బండి దగ్గరకు వెళ్లిపోతాడు. నాట్లు వేసేటప్పుడు పాడే పాటలోనైనా, పడవవాళ్ల హైలెస్సలోనైనా, పల్లెల్లో అత్తాకోడళ్ల సరసపు పాటలోనైనా చరణం చివర వచ్చే చమత్కారం ఒక్క అక్షరం మింగినా పోతుంది. ఎస్‌ఎం58లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే. హల్లులు స్పష్టంగా పలికే ఎగువ మధ్య స్థాయిని ఈ మైకు కొద్దిగా ఎత్తి చూపిస్తుంది, అడుగు స్థాయిని కొద్దిగా తగ్గించి చూపిస్తుంది. డప్పు, డోలు, తాళం, గజ్జెలు ఒక్కసారిగా మోగుతున్నా ట, డ, చ, ష విడివిడిగా చెవిన పడతాయి. మంద్రంలో మాట్లాడినట్టు చెప్పే సాకీ దగ్గర నుంచి గొంతు పూర్తిగా విప్పి లాగే దీర్ఘం వరకు మైకు చేతులెత్తేయదు. డైనమిక్ మైకు కాబట్టి ఎంత గట్టిగా పాడినా మైకు వల్ల పగిలిన శబ్దం రాదు.

అయితే ఇదే గుణం గొట్టం స్పీకర్లున్న చోట కొంత ఇబ్బంది పెడుతుంది. గొట్టం స్పీకర్లు మొదటే మధ్య స్థాయిని గట్టిగా అరిచే రకం. దానికి ఈ మైకు స్వభావం తోడైతే దగ్గర కూర్చున్నవారికి చెవిలో గుచ్చినట్టుంటుంది. అటువంటి చోట మిక్సరులో 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల కొంచెం తగ్గించమని ఆపరేటరుకు ముందే చెబుతాము. ఆ మీట లేని యాంప్లిఫయరైతే ట్రెబుల్ మీట రెండు గీతలు వెనక్కు తిప్పినా సరిపోతుంది.

గాయకులకు చెప్పవలసిన సంగతి ఒకటుంది. పెదవులను మైకు జాలీకి దాదాపు ఆనించి పాడితే గొంతులో బరువు పెరుగుతుంది. కంపెనీవారి లెక్క ప్రకారం 6 మిల్లీమీటర్ల కంటే దగ్గరగా పాడితే 100 హెర్ట్జ్ దగ్గర 6 నుంచి 10 డెసిబెల్ల దాకా పెరుగుతుంది. వరుసగా నాలుగు రాత్రులు పాడి గొంతు పలచబడిన గాయకుడికి ఇది పెద్ద ఆసరా. సాకీలు చెప్పేటప్పుడు దగ్గరకు తెచ్చుకొని, ఎత్తు చరణంలో జానెడు దూరం జరుపుకొనే అలవాటు ఉన్నవారి చేతిలో ఈ మైకు ఇంకొక వాద్యమే అవుతుంది. మా గురువుగారి ముంజేయి కదలికను చూస్తూ కూర్చుంటే రాబోయే దీర్ఘం ఎంత పెద్దదో నాకు ముందే తెలిసిపోతుంది. ఆ అలవాటు లేక ఎప్పుడూ నోటికి ఆనించే కుర్ర గాయకులకు మాత్రం మిక్సరులో 80 లేక 100 హెర్ట్జ్ కింద కోసే మీట నొక్కి ఉంచాలి, లేకపోతే మాట బొంగురుపోతుంది.

కూత విషయానికి వస్తే, స్టేజీ మీద విజిల్ వచ్చిందంటే ఆ రాత్రి సగం చెడినట్టే. జనం చెవులు మూసుకుంటారు, గాయకుడు భయపడి గొంతు తగ్గిస్తాడు, ఆపరేటరు కంగారుపడి శబ్దం తగ్గిస్తాడు, ఇక పాట లేవదు. ఎస్‌ఎం58 ముందువైపు శబ్దాన్ని బాగా పట్టుకుంటుంది, పక్కల శబ్దాన్ని తగ్గిస్తుంది, సరిగ్గా వెనకవైపు శబ్దాన్ని అతి తక్కువగా తీసుకుంటుంది. అందువల్ల గాయకుడికి ఎదురుగా, మైకు వెనకవైపుకు సరిగ్గా తిరిగి ఉండేలా మానిటరు (గాయకుడికి తన గొంతు తనకే వినిపించే స్పీకరు) పెడితే కూత బాగా తగ్గుతుంది. మన ఊళ్లలో మానిటరు ఒక్కటే దొరుకుతుంది, దాన్ని ఆపరేటరు ఎదురుగానే పెడతాడు, కాబట్టి ఈ మైకు మన అలవాటుకు సరిగ్గా సరిపోతుంది. ఇదే కంపెనీవారి బీటా 58ఏ ఇంకా ఇరుకుగా, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మంచి మైకే. అయితే అది తక్కువగా వినే చోటు సరిగ్గా వెనక కాదు, వెనక నుంచి కాస్త రెండు పక్కలకు ఉంటుంది. దానికి మానిటరు సరిగ్గా ఎదురుగా కాకుండా ఏటవాలుగా ఉండాలి. రోజుకో ఊళ్లో, రోజుకో ఆపరేటరుతో అది కుదిరే పని కాదు. అందుకే ధర ఎక్కువైన ఆ మైకు కంటే ఈ పాతదే మాకు నయమని నా నిశ్చయం.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. కొందరు గాయకులు మైకు తలను గుప్పిట్లో మూసి పట్టుకుంటారు. సినిమా పాటల కార్యక్రమాల్లో చూసి నేర్చుకున్న పద్ధతి అది. జాలీ వెనక సగం మూసుకుపోతే మైకు దిశ పోతుంది, అన్ని వైపుల నుంచీ శబ్దం తీసుకుంటుంది, మాట డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, కూత మొదలవుతుంది. తప్పు మైకుది కాదు, ఆపరేటరుదీ కాదు. బృందంలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు "జాలీ కింద, కడ్డీ నడుమ పట్టుకో అమ్మా" అని చెప్పడం, రిహార్సల్‌లోనే చెప్పడం, మళ్లీ మళ్లీ చెప్పడం నిర్వాహకులు తప్పక చేయాలి.

డెల్టా పల్లెల్లో ఈ మైకుకు అసలు పరీక్ష యాంప్లిఫయరు దగ్గర వస్తుంది. మన దగ్గర మైకు సెట్టు అంటే తరతరాలుగా అహూజా పేరే వినిపిస్తుంది. అటువంటి పాత సెట్లు చాలావాటికి మైకు తగిలించే చోట పావు అంగుళం జాక్ ఉంటుంది. ఎస్‌ఎం58కు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఉంటుంది. ఒక చివర ఎక్స్‌ఎల్‌ఆర్, ఇంకొక చివర జాక్ ఉన్న కేబులు తగిలిస్తే మైకు పలుకుతుంది గానీ, పొడవాటి కేబులులోకి చేరే బయటి రొదను తగ్గించే గుణం పోతుంది, శబ్దం కూడా పీలగా వస్తుంది. కరెంటు స్తంభం నుంచి నేరుగా లాగిన తీగ, పక్కనే సీరియల్ లైట్లు, వెనక జనరేటరు ఉన్న తీర్థంలో అప్పుడు గుయ్యిమనే రొద తప్పదు. దీనికి మేము చేసే ఏర్పాటు ఏమిటంటే, నాలుగు మైకులు తగిలే చిన్న మిక్సరు ఒకటి మా పెట్టెలోనే ఉంటుంది. మైకు నుంచి మిక్సరు వరకు మూడు పిన్నుల కేబులే వెళ్తుంది, మిక్సరును యాంప్లిఫయరు పక్కనే పెట్టి అక్కడి నుంచి మూరెడు తీగ మాత్రమే జాక్‌కు వెళ్తుంది. మిక్సరు కొనలేని బృందాలు మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ అనే చిన్న గొట్టాన్ని యాంప్లిఫయరు చివర తగిలించుకున్నా చాలా వరకు బాగుపడుతుంది. మంచి మైకు కొని కేబులు దగ్గర పొదుపు చేయడం వృథా ఖర్చు.

ఎర్తు సంగతి కూడా ఈ నేలతో ముడిపడినదే. కాలువల్లో నీళ్లు పారే రోజుల్లో డెల్టా నేల తడిగా ఉంటుంది, ఇనుప కడ్డీ మూడడుగులు దింపినా ఎర్తు బాగా అందుతుంది, సెట్టు ప్రశాంతంగా ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక జాతరల కాలం వస్తుంది. అప్పుడు గట్టు మీది మట్టి బీటలు వారి ఉంటుంది, అదే కడ్డీ పనిచేయదు. కడ్డీ చుట్టూ గుంత తీసి ఉప్పు, బొగ్గు వేసి బిందెడు నీళ్లు పోయిస్తే రొద తగ్గుతుంది. ఇనుప జాలీకి పెదవి తగిలినప్పుడు గాయకుడికి షాక్ కొట్టడం కూడా ఎర్తు సరిగా లేని చోటే జరుగుతుంది. అందుకే ఎర్తు చూపించకుండా మా మైకును ఎవరి చేతికీ ఇవ్వను. ఇది శబ్దానికి సంబంధించిన జాగ్రత్త మాత్రమే కాదు, ప్రాణానికి సంబంధించినది.

సమయం ఎంత తక్కువగా ఉంటుందో బయటివారికి తెలియదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలు, సాంస్కృతిక ఉత్సవాల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. స్టేషనులో మైకు పర్మిషన్ ఏ గంట వరకు రాసి ఇచ్చారో కాగితం చూసుకున్నాకే నేను పాటల వరుస ఖాయం చేస్తాను. ఇక్కడ సన్మానాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి 8 దాటుతుంది. నరసాపురం వైపు నుంచి పంటు (నదిని దాటించే పెద్ద పడవ) మీద సఖినేటిపల్లికి దాటవలసిన రోజైతే వ్యాను అవతల గట్టునే ఉండిపోవచ్చు, లేదా చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి ఆలస్యంగా రావచ్చు. అందుకే రెండు మైకులు, రెండు కేబుళ్లు ఉన్న సంచి వ్యానులో కాకుండా నా భుజానే ఉంటుంది. మనుషులు ముందు దాటి వెళ్తే సంచి కూడా వెళ్లినట్టే. ఏ సౌండ్ ఆపరేటరుకైనా ఈ మైకు తెలిసినదే కాబట్టి మిక్సరులో ఏ మీట ఎక్కడుండాలో అతని చేతికి ముందే తెలుసు. "ఓ, ఇదాండి" అని ఒక పల్లవి పాడించుకొని అయిదు నిమిషాల్లో సర్దేస్తాడు. ఇంకొంచెం మంచిదైనా కొత్త మైకు తెస్తే దాని నడత తెలుసుకోవడానికే అరగంట పోతుంది, ఆ అరగంట మన దగ్గర ఉండదు.

పుష్యమాసపు మంచు ఇక్కడ వర్షంలాగే పడుతుంది. కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కొలువుదీరిన రాత్రి ఆ చుట్టుపక్కల ఊళ్లలో పాడవలసి వస్తే, తొమ్మిది దాటేసరికి మిక్సరు మీద తువ్వాలు కప్పాలి, మైకు జాలీ చేతికి చల్లగా తడి తగులుతుంది. కండెన్సర్ మైకులు అటువంటి తేమలో చిటపటలాడతాయి. ఎస్‌ఎం58 ఆ తడికి లొంగదు. చెక్కల మధ్య సందులో స్టాండు కాలు దిగి మైకు స్టేజీ మీద నుంచి నేల మీద పడటం మా వృత్తిలో సామాన్యం. జాలీ నొక్కుకుపోతుంది, లోపలి గుండెకు దెబ్బ తగలదు, ఎందుకంటే అది మెత్తటి ఆధారం మీద కూర్చుని ఉంటుంది. జాలీని మరతిప్పి ఊడదీసి గుండ్రటి పిడితో లోపలి నుంచి నొక్కితే సొట్ట సరిపోతుంది. మరీ చెడితే జాలీ విడిగా దొరుకుతుంది, లోపలి గుండె కూడా విడిగా దొరుకుతుంది. కొన్న వస్తువును పారేయకుండా బాగుచేసుకొనే వీలుండటం ఊరూరా తిరిగేవారికి పెద్ద సౌకర్యం.

ఇన్ని ఓర్చే ఈ మైకుకు పడనిది అంతర్వేది ఇసుక. సముద్రం ఒడ్డున నల్లగా చారలు చారలుగా కనిపించే ఇసుకలో ఇనుము కలిసిన రేణువులు ఉన్నాయి, అవి అయస్కాంతానికి అంటుకుంటాయి. డైనమిక్ మైకు లోపల ఉన్నది అయస్కాంతమే. జాలీ విప్పి ఇసుక మీద పెడితే సన్నటి నల్ల నలుసులు వెళ్లి పొర మీద కూర్చుంటాయి, ఊదితే పోవు, తుడిస్తే పొర దెబ్బతింటుంది, శబ్దం గరగరలాడుతుంది. భీష్మ ఏకాదశి తీర్థానికి వెళ్లే బృందాలు మైకును చాప మీద కూడా పెట్టకుండా, పాట అవగానే జిప్పు సంచిలో వేసుకోవాలి. జాలీ లోపలి స్పాంజిని శుభ్రం చేయడం కూడా తీరం దాటి లాడ్జికి వచ్చాకే చేయాలి. శుభ్రం చేయడం మాత్రం మానకూడదు. జాలీని ఊడదీసి గోరువెచ్చటి నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి కడిగి, పూర్తిగా ఆరాక బిగించాలి. మైకు కడ్డీకి నీళ్లు తగలకూడదు. మా బృందంలో ఎవరి మైకు వారిదే, జాలీ కింద రంగు దారం చుట్టి గుర్తు పెట్టాము. జలుబు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటే వారం రోజుల డేట్లు పోతాయి.

వాద్యాలకు మాత్రం దీన్ని సిఫారసు చేయను. డప్పుకు, డోలుకు దీని తమ్ముడో అన్నో అనదగ్గ ఎస్‌ఎం57 సరైనది. గుండ్రటి పెద్ద జాలీ లేకపోవడం వల్ల దాన్ని అంచుకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టి, పుల్ల తగలకుండా వంచవచ్చు. చర్మపు డప్పు ఈ తేమలో గంటసేపట్లో వదులైపోతుంది. స్టేజీ వెనక వరిగడ్డి మంట వేసి, డప్పును మంటకు కొంచెం దూరంగా తిప్పుతూ, వేలితో కొట్టి చూస్తూ, కంగుమనే వరకు కాచాలి. కార్యక్రమం మధ్యలో కూడా ఒకసారి కాచవలసి వస్తుంది. కాచిన డప్పు పలుకు ఒకటి, సడలిన డప్పు పలుకు ఒకటి. ఏ మైకూ సడలిన డప్పును నిలబెట్టలేదు. బోల్టులు బిగించే ఫైబరు డప్పులకు ఈ శ్రమ లేదు గానీ, చర్మం మీద పుట్టే ఆ వెచ్చటి ధ్వని వాటికి లేదు, మా గురువుగారు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. తంబురాకు, అందెలకు, సన్నటి తాళాలకు ఎస్‌ఎం58 మందకొడిగా పలుకుతుంది. కమిటీ దగ్గర కండెన్సర్ మైకు ఉంటే అది అడిగి తీసుకోవడం మంచిది.

ఇదే తల ఉన్న కార్డ్‌లెస్ మైకులు కూడా షూర్‌లో ఉన్నాయి. జనంలోకి దిగి పాడే గాయకుడికి అవి అవసరమే. కానీ సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్న జనం చుట్టుముట్టినప్పుడు శబ్దం తెగకుండా ఉండాలంటే రిసీవరు స్టేజీ ముందు ఎత్తుగా ఉండాలి, బ్యాటరీలు ప్రతి కార్యక్రమానికీ కొత్తవి వేయాలి. నా మాటగా చెప్పాలంటే, కార్డ్‌లెస్ పెట్టుకున్నా తీగ మైకు ఒకటి స్టాండుకు తగిలించి, పలికే స్థితిలో ఉంచకుండా కార్యక్రమం మొదలుపెట్టకూడదు.

కొనేవారు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మామూలు ఎస్‌ఎం58కు ఆన్, ఆఫ్ మీట ఉండదు. మీట ఉన్నది కావాలంటే ఎస్‌ఎం58ఎస్ అని అడగాలి. వంతపాట పాడేవారికి మీట ఉన్నది మంచిదే, నీళ్లు తాగేటప్పుడు, దగ్గేటప్పుడు ఆపుకోవచ్చు. ప్రధాన గాయకుడికి మీట లేనిదే క్షేమం, చేయి తగిలి పల్లవి మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉండదు. ఎల్‌సీ అని రాసి ఉన్న పెట్టెలో కేబులు రాదు, మైకు, క్లిప్పు, సంచి మాత్రమే వస్తాయి. కాబట్టి కేబులు ధర కలుపుకొని లెక్క వేసుకోవాలి. ఊళ్లో దొరికే మామూలు మైకులు మూడు నాలుగు వచ్చే ధర దీనిది. బయానాల మీద బతికే చిన్న బృందానికి అది తేలికైన మొత్తం కాదని నాకు బాగా తెలుసు.

ఆ ధర వల్లనే నకిలీలు విపరీతంగా పుట్టుకొచ్చాయి. పెట్టె, సంచి, అక్షరాలు అన్నీ అచ్చం ఒకేలా ఉంటాయి. అసలు ధరలో నాలుగో వంతుకు ఇస్తానంటే అది నకిలీయే, ఇందులో అనుమానం అక్కరలేదు. కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి చూడండి, 298 గ్రాములకు బాగా తేడా ఉంటే తిరిగి ఇచ్చేయండి. అడుగున మూడు పిన్నుల పక్కన 1, 2, 3 అంకెలు ఉన్నాయేమో చూడండి. మైకును చేత్తో పట్టుకొని కడ్డీని వేలితో తట్టి వినండి: అసలు దానిలో ఆ తాకిడి అణిగి వినిపిస్తుంది, నకిలీలో దబదబమంటుంది. అన్నిటికంటే ముందు, అధీకృత డీలరు దగ్గర జీఎస్టీ బిల్లుతో కొనండి. బిల్లు ఉంటేనే తరువాత వారంటీ అడగగలరు, జాలీ, గుండె మార్పించుకోగలరు.

డబ్బు తక్కువగా ఉన్న బృందం ఏ వరుసలో కొనాలని నన్ను అడిగితే, మొదట ప్రధాన గాయకుడికి ఒక ఎస్‌ఎం58, దానితో పాటు మంచి కేబుళ్లు రెండు, పది మీటర్లకు తక్కువ కానివి. తరువాతి సీజనులో డప్పుకు ఎస్‌ఎం57. ఆ తరువాత చిన్న మిక్సరు. రెండో ఎస్‌ఎం58 ఆ తరువాతే. అంతవరకు వంతపాటలకు కమిటీవారి మైకులే వాడుకోవచ్చు, వంతపాటలో మాట కంటే మోత ముఖ్యం కాబట్టి వాటితో నష్టం ఉండదు.